ముత్లా కొండకు నా హామీ

మా వంశంలో నాలుగు తరాల వాళ్లు అంగళ్ల మీదే బతికారు. రాయచోటి బజారులో మా తాత బియ్యపు గింజను వేళ్ల మధ్య నలిపి, పంటి కింద కొరికి, అది పాతదో కొత్తదో, తూకానికి ఎవరు తడిపారో కూడా చెప్పేవాడు. మా నాయన గుడ్డ కొనాలంటే అంచున ఒక దారం లాగి, అగ్గిపుల్లతో కాల్చి, పొగ వాసన చూసేదాకా ధర అడిగేవాడు కాడు. అట్లాంటి ఇంట్లో పుట్టి, కంటితో చూడని సరుకును "బ్రహ్మాండంగా ఉంటాది, హామీ నాది" అని అంటగట్టిన మొదటి మొనగాణ్ని నేనే. అది చిల్లర సరుకు కూడా కాదు. కొండ. అమ్మిన చోటు కువైట్. కొన్నామె నాగవేణక్క. ఇంత పెద్ద బేరం మా వాళ్లెవరూ చేసి ఉండరు. ఇంత తెలివితక్కువ బేరం కూడా.

ఇదంతా ఇప్పుడు తవ్వుకోవడానికి కారణం నాగవేణక్క కూతురు లావణ్య. ఆమె కూడా కువైట్‌లోనే, ముబారక్ అల్ కబీర్‌లో ఉంటుంది, నర్సు ఉద్యోగం, సొంత కారు. పోయిన శుక్రవారం హవల్లీలో మా ఇంటి కింద హారన్ మోగించి, "మామయ్యా, దిగి రా. మా అమ్మ ఎక్కిన కొండ నాకు చూపియ్యాల ఈరోజు" అని ఫోన్ చేసింది. మోకాలు నొప్పి అన్నాను. "నేను నర్సును, నాకు చెప్పాకు" అంది. దిగి కారెక్కాను. కొత్త కారు. తలుపు వేయగానే సీట్ల వాసన ముక్కుకు తగిలింది, ఎండకు కాగిన రెగ్జిన్ వాసన. ఆ వాసనతో నేను నేరుగా చిన్నాయన అంగట్లోకి పోయి పడ్డాను.

మా చిన్నాయనది హవల్లీలో పెట్టెల అంగడి. ఊరికి పోయేవాళ్లకు కావలసిన సూట్‌కేసులు, దుప్పట్లు, అట్టపెట్టెలు, వాటిని కట్టే నైలాన్ తాళ్లు. నేను ఇరవై రెండేళ్లకు వచ్చి ఆ అంగట్లో పడ్డాను. ముందంతా కొత్త రెగ్జిన్, కలరా ఉండల వాసన. వెనక గదిలో మాత్రం శుక్రవారం పొద్దున రాగి సంగటి వాసన. ఊరి నుంచి తిరిగొచ్చేవాళ్ల పెట్టెల్లో మాకోసం రాగిపిండి వచ్చేది. చిన్నాయన ఆ ఒక్కరోజే గరిటె పట్టేవాడు. లుంగీ ఎగగట్టి, గిన్నెను రెండు పాదాల మధ్య ఇరికించి, తెడ్డుతో సంగటి గెలికేవాడు. ఆ సమయంలో ఎవరొచ్చి ఏ పెట్టె ధర అడిగినా తల ఎత్తకుండా ఒక అంకె చెప్పేవాడు. అదేమి చిత్రమో, అది ఎప్పుడూ సరైన అంకె. చెనిక్కాయల పొడి, ఎర్రకారం, పక్కన చల్లారిన టీ. తిన్నాక చేతులు కడుక్కొని, అత్తరు ఒక చుక్క చెవి వెనక రాసుకొని, తాను పుట్టిందే కువైట్‌లో అన్నట్టు గల్లా దగ్గర కూర్చునేవాడు.

ఆయన విద్య ఒకటుంది. జనం ఊరికి పోయే ముందు సర్దిన పెట్టెలు మోసుకొచ్చి, విమానంలో బరువు ఎక్కువవుతుందేమో చూడమనేవాళ్లు. చిన్నాయన పెట్టెను ఒక చేత్తో అంత ఎత్తు లేపి, ఒక కన్ను మూసి, బరువు చెప్పేవాడు. తర్వాత నేను స్ప్రింగు కాటాకు తగిలిస్తే అంతే ఉండేది. ఎప్పుడైనా తేడా వస్తే, "కాటాకు ఒంట్లో బాగలేదురా, నూనె పెట్టు" అనేవాడు. నాకు ఆయన నేర్పిన సూత్రం ఒక్కటే: "రవణా, నువ్వు ఎత్తి చూడని పెట్టెకు మాటియ్యాకు."

మా అంగడికి ముందు ఒక మెట్టు ఉండేది. ఒకే ఒక్క మెట్టు. ఒక శుక్రవారం పొద్దున నాగవేణక్క ఆ మెట్టు కింద రోడ్డు మీద నిలబడి, లోపలికి రాకుండా, "ఏం పెద్దాయనా, బాగుండారా" అని అరిచింది. ఆమెది మా రాయచోటి పక్కనే, కొండ అంచున పల్లె. రుమైథియాలో ఒక ఇంట్లో పని. నలభై దాటిన మనిషి, నిలువెత్తు, పెద్ద గొంతు. అంతకు రెండు నెలల ముందు దీపాల గుత్తి తుడుస్తూ స్టూలు మీంచి పడి కుడికాలు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పి అప్పటికి నాలుగు రోజులు.

"లోపలికి రాక్కా, కూర్చో" అన్నాను.

"రాను. మెట్టుండాది."

"కాలు నొప్పా?"

"నొప్పి ల్యా. మొక్కు."

అసలు సంగతి రోడ్డు మీదనే చెప్పింది. ఆస్పత్రిలో కాలు సరి చేసేటప్పుడు ప్రాణం పోయినంత పనై, "సామీ, ఏడు కొండలోడా, ఈ కాలు నిలబడితే మొట్టమొదట ఎక్కేది నీ కొండే. అంతదాకా ఒక్క మెట్టు గూడా ఎక్కను" అని మొక్కేసుకుంది. నొప్పిలో ఉన్న మనిషి అవతలివాడు అడగనిది కూడా ఇచ్చేస్తుంది. ఆ కొండ సముద్రం అవతల ఉందని, ఈమె పనిచేసే ఇల్లు మూడంతస్తులని అప్పుడు తోచలేదు. కట్టు విప్పినప్పటి నుంచి కింది వంటింట్లోనే పని చేస్తోంది. మేడ మీదికి పొమ్మంటే పోవడం లేదు. ఇంటి యజమానురాలిని ఇక్కడ పనివాళ్లంతా మామా అంటారు. ఆ మామాకు సహనం అయిపోయింది. కాలు పనికిరాదని తేల్చుకుంది.

"శనివారం పొద్దున నువ్వు పైకెక్కి పరుపులు దులపాల. ఎక్కకుంటే ఖలాస్, ఇంటికి టికెట్ తీస్తా అనింది. రేపే గదా శనివారం! పంపించిందంటే మళ్లా ఎవురు పిలుస్తారు నన్ను? పాప హాస్టల్లో ఉండాది, దాని చదువెట్ల?"

"మొక్కని చెప్పలేకపోయినావా ఆమెకు?"

"నా అరబ్బీలో చీపురు, బియ్యం, ఇస్త్రీ ఉండాయిరా. మొక్కు ల్యా."

"మరి ఆస్పత్రిలో లిఫ్టెక్కలేదా నువ్వు?"

"నేనెక్కలా. అదెక్కింది. నేను ఊరికే నిలబడినా."

ఇంత కచ్చితమైన మనిషితో బేరం అంటే నాకు నోరూరింది. ముత్లా అనే మాట నా చెవిలో ఉంది. చలికాలంలో కువైటీలు దుప్పట్లు డజన్ల లెక్కన కొని, ఎడారిలో గుడారాలు వేయడానికి ముత్లాకు పోతున్నామనేవాళ్లు. అక్కడొక జబల్, అంటే కొండ, ఉందని ఒకాయన అన్నాడు. నాకు తెలిసింది అంతే.

"అక్కా, కువైట్‌లోనే కొండుంది. పెద్దది. మన పాలకొండల మాదిరే. ఈరోజే ఎక్కిస్తా."

"కువైటులో కొండా? ఇది చపాతీ మాదిరి ఉండే దేశం గదరా?"

"నువ్వు రుమైథియా దాటి చూసినావా? ఇంత పొడుగు కొండ."

ఆమె ఆలోచించింది. "కానీ అది సామి కొండ కాదే."

అక్కడే నా తెలివంతా బయటపెట్టాను. "ఇది అడ్వాన్సు అనుకో. సరుకు బుక్ చేసుకునేటప్పుడు అడ్వాన్సు ఇయ్యరా? ఇక్కడ కొండ అడ్వాన్సు. మిగతాది ఊరికి పోయినప్పుడు తిరుమలలో. అడ్వాన్సు ముట్టినంక నీ మెట్లు నువ్వు ఎక్కొచ్చు."

"మిగతాది నేను ఎక్కలేకపోతే?"

"హామీ నాది. నువ్వు ఎక్కకపోతే నేనెక్కుతా."

లోపల చిన్నాయన సంగటి గెలికే తెడ్డు ఆగింది. ఒక కన్ను మూసి నన్ను చూశాడు, పెట్టె బరువు చూసినట్టు. మళ్లీ గెలకడం మొదలుపెట్టాడు.

బండి మస్తాన్ భాయ్‌ది. కడపాయన. నీళ్ల డబ్బాలు వేసే వానెట్ నడిపేవాడు, వానెట్ అంటే ఇక్కడ వెనక తొట్టి ఉన్న చిన్న ట్రక్కు. "ముత్లా నాకు తెల్వదా సావుకారీ? కళ్లు మూసుకొని పోతా" అన్నాడు. అంతకు ముందు అటు పోలేదని, దారిలో జహ్రా ఊరు దాటాక ఒప్పుకున్నాడు. అక్క నాతో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, కర్పూరం కొనిపించి సంచిలో వేసుకుంది. బయలుదేరబోతే ఇంకో చిక్కు. వానెట్‌లో కూర్చోవాలంటే కాలెత్తి మెట్టు మీద పెట్టాలి. అక్క ససేమిరా అంది. చివరికి ఆమె వెనక్కి తిరిగి సీటుకు నడుము ఆనిస్తే, నేనూ మస్తానూ చెరొక కాలూ పట్టి, ఫ్రిజ్ ఎక్కించినట్టు లోపలికి తిప్పాం. హవల్లీ బజారంతా నిలబడి చూసింది. ఒక ఈజిప్టు ఆయన వచ్చి కింద ఒక చెయ్యి వేశాడు కూడా.

నా కాళ్లకు ఆ రోజు కొత్త బూట్లు. అమ్మేవాడు చెప్పిన ధరకు మూడో వంతుకు తెచ్చాను, వాడు చివర్లో ఏడుపు మొహం పెట్టేదాకా. దారంతా అక్కకు ఆ బేరం వర్ణించి చెప్పాను. "అంత తగ్గించినాడంటే అసలు ఎంతదిరా అది?" అంది. ఆడవాళ్లకు బేరంలో ఉన్న అందం అర్థం కాదని సర్దుకున్నాను.

జహ్రా దాటి ఉత్తరానికి పోయే రోడ్డు మీద ముగ్గురం మెడలు సాచి కొండ కోసం చూస్తున్నాం. ఎదురుగా పాలిపోయిన గట్టు లాంటిదేదో కనపడింది. రోడ్డు కొంచెం పైకి పోయినట్టుంది, మస్తాన్ ఒకసారి గేరు మార్చాడు. మళ్లీ చదును. గులకరాళ్ల మైదానం, వానలకు మొలిచిన పొట్టి గడ్డి, పసుపు పూల ముళ్లపొదలు, దూరదూరంగా గుడారాలు. కొండ లేదు. మా ఊళ్లో కొండంటే తలెత్తి చూడాలి. దాని మీద బండరాళ్లుండాలి, ఎర్రచందనం ఉండాలి, కోతి ఒకటి దిగి వచ్చి చేతిలో అరటిపండు లాక్కోవాలి. ఇక్కడ తలెత్తితే ఆకాశం తప్ప ఏమీ లేదు.

"రవణా, యాడరా నీ కొండ?" అంది అక్క. మొదటిసారి ఆ పెద్ద గొంతు చిన్నగా వచ్చింది.

ఆ సాయంత్రానికి ఈమె మళ్లీ రుమైథియాలో ఉండాలి. కొండ లేకపోతే మెట్లు లేవు, మెట్లు లేకపోతే టికెట్టే. మస్తాన్ బండిని ఒక గుడారం దగ్గర ఆపాడు. ఒక కువైటీ పెద్దాయన నిప్పుల మీద టీ కాస్తున్నాడు. నేను దిగి, నాకున్న అరబ్బీ అంతా కూడదీసి, "బాబా, జబల్ వేన్?" అన్నాను. కొండ ఎక్కడ అని. ఆయన నన్ను చూశాడు, మస్తాన్‌ను చూశాడు, కొబ్బరికాయ సంచితో కూర్చున్న అక్కను చూశాడు. లేచి నిలబడి, కుడికాలితో నేలను రెండుసార్లు తన్నాడు. "హాదా!" అన్నాడు. ఇదే. కింద పడిపోయేంతగా నవ్వి, మాకు తలా ఒక గ్లాసు టీ పోసి, తూర్పుగా చెయ్యి చూపించాడు.

మాకు తెలియకుండానే కొండ ఎక్కేశాం! బండి చక్రాల గుర్తుల వెంట తూర్పుకు పోతే, ఒక్కసారిగా నేల అయిపోయింది. కాళ్ల ముందు కొండ తెగిపోయి కిందికి దిగుతోంది. తెలుపు, గోధుమ, లేత ఎరుపు, దుప్పట్లు మడిచి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఇసుకరాతి పొరలు. వాన కోసిన గండ్లు, వాటిలో గాలి ఎగదోసిన ఇసుక. ఆ అడుగున తెల్లటి ఉప్పు నేల, దాని అవతల బూడిద రంగు సముద్రపు పాయ, ఆ పాయకు అవతలి ఒడ్డున పొగమంచులో కువైట్ నగరం, అగ్గిపెట్టెలంత. గట్టు అటూ ఇటూ కనుచూపు మేర సాగిపోయింది. ముత్లా అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ముందు వైపు మాత్రం అద్దాలు పెట్టి, వెనక గోడ కూడా కట్టని అంగడి. మేం వెనక నుంచి వచ్చాం.

"అయితే ఎక్కేసినట్టే గదా అక్కా?" అన్నాను ఆశగా. "కొండ మీదే ఉన్నాం."

"నేనెక్కలా. బండెక్కింది."

ఇది వస్తుందని నాకు తెలిసి ఉండాల్సింది. ఇక మిగిలిన దారి ఒక్కటే. ఎక్కాలంటే ముందు దిగాలి. దిగడం మొక్కులో లేదు కాబట్టి దిగొచ్చు. కువైట్‌లో కొండ ఎక్కాలంటే దిగి మొదలుపెట్టాలి. "యల్లా, మీరు పోండి, నేను బండికి కాపలా" అని మస్తాన్ తప్పుకోబోయాడు. "కాపలా ఎవురి నుంచి?" అని అక్క ఆయన్ను కూడా దింపింది. యుద్ధం రోజుల పేలని గుండ్లు, ఇనుప ముక్కలు ఇంకా ఉంటాయని భయపడి, జనం నడిచిన జాడ ఉన్న గండిలోనే, ఒకరి అడుగులో ఒకరం అడుగు వేస్తూ, ముక్కాలు వంతు కూర్చునే దిగాం.

అడుగున అక్క సంచి విప్పింది. ముందు కొబ్బరికాయ. ఒక రాయి చూసి కొట్టింది. రాయి పగిలింది. కాయకు గీటు కూడా పడలేదు. ఇంకో రాయి, ఇంకా పెద్దది. అది బిస్కెట్టు మాదిరి రెండుగా ఊడిపోయింది. "ఏం కొండరా ఇది, కొబ్బరికాయకు ఓర్చుకోలేకపోతాంది" అంది. ఆఖరికి మస్తాన్ నిట్టూర్చి మళ్లీ పైకి పోయి, బండిలో నుంచి జాకీ రాడ్డు తెచ్చాడు. దాని మీద పగిలింది. "నా జాకీకి కూడా పుణ్యం వచ్చె" అన్నాడాయన. కర్పూరం గాలికి అంటుకోలేదు. ఆయన తన జాకెట్ విప్పి అడ్డం పట్టి, తన లైటర్‌తోనే వెలిగించాడు.

తిరుమల మెట్లకు ఆడవాళ్లు ఒక్కో మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కుతారు. ఇక్కడ మెట్లేవీ? "నా కాలు పడిన చోటు మెట్టు" అని అక్క తీర్మానించింది. వంగి చిటికెడు పసుపు, చిటికెడు కుంకుమ పెట్టడం, "గోవిందా" అనడం, కుడికాలు మోపడం. సముద్రం మీది నుంచి గాలి ఆ గండిలోకే దూరి పైకి తోస్తోంది. ఆమె ముందు, మేం వెనక అయితే బాగుండేది. కాలు జారితే లాగడానికని మేం ముందు నడిచాం. పెట్టిన పసుపంతా మా మీదికే. కాసేపటికి మస్తాన్ భాయ్ తెల్ల గడ్డం పెళ్లికొడుకు మొహంలాగా పచ్చబడింది. "ఇంటికి పోతే మా ఆవిడ ఫోన్లో చూడదులే, అదొక్కటే నయం" అన్నాడు.

నేను నా సంగతి చెప్పాలి. సగం దూరంలో నా ఎడమ బూటు నోరు తెరిచింది. ఇంకో నాలుగడుగులకు అట్ట మొత్తం ఊడి ఇసుకలో వెనక్కి జారిపోయింది. అది అట్టే, తోలు కాదు. ఒంటికాలి మీద నిలబడబోయి, కింద చూసి, కళ్లు తిరిగి, ఆ ఇసుకరాతి గోడను కౌగిలించుకొని ఆగిపోయాను. అది నా చేతుల్లో పిండిపిండిగా రాలుతోంది. పైకీ పోలేను, కిందికీ రాలేను. మస్తాన్ అప్పటికే పైన. అక్క నన్ను దాటి పైకి పోయి, తల మీది గుడ్డలో అంచు చించి నా పాదానికి చుట్టి కట్టింది. ఆ కుడికాలినే, కట్టు విప్పి నాలుగు రోజులైన కాలిని, రాతి అంచుకు తన్ని పెట్టి, నా చొక్కా కాలరు పట్టి లాగింది. లాగుతూనే ప్రతి అడుగుకూ పసుపు పెట్టడం మానలేదు. కొన్ని చుక్కలు నా నెత్తి మీద పెట్టింది, చేతికి అందింది అదే కాబట్టి.

పైకి వచ్చి ఇద్దరం చదునుగా పడుకున్నాం. తర్వాత ఆమె లేచి, కుడికాలి మీద ఒక్కదాని మీదే నిలబడి చూసుకుంది. నిలబడింది. ఎగిరి చూసుకుంది. కళ్లు తుడుచుకుంది.

"కాలేమంటాంది అక్కా?"

"కాలు ఏమీ అన్లా. నువ్వే మూల్గినావు దారంతా."

ఆ రోజు వానెట్‌లోకి ఎవరి సాయం లేకుండా మెట్టు మీద కాలు పెట్టి, తలుపు ధడాలున వేసుకొని ఎక్కింది. అంగడి దగ్గర దిగాక మా మెట్టు ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. చిన్నాయన నా కాలికి ఉన్న గుడ్డ చూసి, సంగటి ముద్ద పళ్లెంలో పెట్టి, "ఎంత బరువున్నాడమ్మా మావాడు?" అని ఆమెనడిగాడు. "పెద్ద పెట్టె పెద్దాయనా. తాడు గట్టిది, అదొకటే మేలు" అంది.

శనివారం జరిగింది తర్వాత వారం చెప్పింది. చెప్పులు విడిచి మేడ ఎక్కిందట. పాదాలకు పట్టిన పసుపు పోలేదు. మామా ఇంటి తెల్లరాతి మెట్ల మీద మూడంతస్తులూ పచ్చటి అడుగులు. మామా కింద నిలబడి అరిచిన అరుపుకు వీధి కుక్కలు లేచాయట. మొత్తం కడిగించింది. పైనుంచి కిందికి, కింద నుంచి పైకి. అయ్యాక, "కాలు బాగుందే!" అని టికెట్ మాట ఎత్తలేదు.

మొన్న లావణ్యతో పోయినప్పుడు ఆ గేరు మార్చిన చోటు కూడా తెలియలేదు. కారు తనంతట తానే మార్చుకుంటుంది. రోడ్డు అంత వెడల్పు, అవతల కొత్తగా లేస్తున్న ఇళ్లు, స్తంభాల వరసలు, లారీలు. గట్టు అంచు మాత్రం అదే, గాలి అదే. లావణ్య పరుగుబూట్లతో గండిలోకి దిగి, నేను సీసా మూత తీసి నీళ్లు తాగేలోపు మళ్లీ పైకొచ్చింది. "ఇంతేనా?" అంది. వాళ్లమ్మకు వీడియో కాల్ చేసి కొండ చూపించింది.

తెరలో నాగవేణక్క, ప్లాస్టిక్ కుర్చీలో, కాలు ఇంకో కుర్చీ మీద చాపుకొని. "ఇదేనా? ఇంత పొట్టిదా? ఆ పొద్దు ఆకాశమంత ఉండె గదరా!"

"అప్పుడు ఇద్దరం ఆకలి మీదున్నాం అక్కా."

ఇక బిల్లు. ఉన్నదున్నట్టు రాస్తాను. నేను అమ్మింది పాలకొండలంత కొండ, అందించింది ఒక గట్టు, అది కూడా ఎదుటివైపు నుంచి చూస్తేనే. దాన్ని ఆమె ఎక్కింది, నన్ను కూడా ఎక్కించింది కాబట్టి మోత కూలి ఆమెకే చెందాలి. ఆ కాలు ఆ తర్వాత పన్నెండేళ్లు ఎవరివో మూడంతస్తులు రోజూ ఎక్కింది, దిగింది. లావణ్య చదువు ఆ మెట్ల మీద నుంచే వచ్చింది. కొండ ఏమీ చేయని మోకాలిని ఆ మెట్లే తినేశాయి. నేను కాపాడానని చాలాకాలం చెప్పుకున్నది దేన్నో, అమ్మిపెట్టింది దేన్నో, ఈ వయసులో కూడా నాకు కచ్చితంగా తేలడం లేదు. ఊరికి పోయాక ఆమె తిరుమలకు బస్సులో పోయి వచ్చింది. ఆమె చట్టం ప్రకారం కొండెక్కింది బస్సు, ఆమె కాదు. అంటే అడ్వాన్సు ముట్టింది, మిగతాది ముట్టలేదు.

ఆ మాటే ఫోన్లో తెచ్చింది. "రవణా, మిగతాది నువ్వెక్కుతావు గదా? హామీ నీదే అన్యావు."

"అక్కా, నాకూ మోకాళ్లు..."

"హామీ ఇచ్చినప్పుడు మోకాలు చూసుకోవాల."

పక్కన లావణ్య నవ్వుతోంది. నేను మా నాలుగు తరాల విద్యంతా బయటికి తీశాను. సగం దాకా నడిచి మిగతా సగం కారులో అన్నాను. శ్రీవారి మెట్టు దారి పొట్టిది, అది చాలదా అన్నాను. పండగ తగ్గింపు అన్నాను, వృద్ధుల రాయితీ అన్నాను. అరగంట బేరమాడాను. ఆమె ఒక్క మెట్టు కూడా తగ్గించలేదు.